కాకినాడ అఖాతంలో ఆల్చిప్పలు బతుకుతాయా?

బతుకుతాయి, ఎప్పటినుంచో ఉన్నాయి కూడా. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండడంతో అలల తాకిడి తక్కువ. గోదావరి పాయలు, కోరింగ మడ అడవుల నుంచి మేత వస్తుంది. అడుగు మెత్తటి బురద కావడంతో బ్లడ్ క్లామ్ అనే గుల్లకి బాగా పడింది. ఆ గుల్ల విప్పితే లోపల నిజంగానే ఎర్రగా ఉంటుంది, దాని రక్తంలో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది మరి. అద్దంలా పలచటి ఆల్చిప్ప కూడా ఇక్కడ దొరుకుతుంది.

తినే ఆల్చిప్ప, అంటే ఆయిస్టర్ సంగతి వేరు. దాని పిల్ల రెండు మూడు వారాలు నీటిలో ఈది, ఏదో గట్టిదానికి అతుక్కుంటుంది. ఇక జీవితాంతం కదలదు. బురదలో పడితే ఊపిరాడక చస్తుంది. అందుకే పెంచేవాళ్లు అది అతుక్కోడానికి సున్నం పూసిన పెంకులు గానీ, పాత ఆల్చిప్పలు గానీ నీటిలో వేలాడదీస్తారు. ఉప్పు తగ్గినా కొన్నాళ్లు మూత బిగించుకుని ఓర్చుకుంటుంది గానీ, వరద నీరు వారాల తరబడి నిలిస్తే కష్టమే.

నన్నడిగితే అసలు టెన్షన్ మురుగునీటిది. ఇవి నీటిని వడకట్టి తింటాయి కాబట్టి అందులోని సూక్ష్మక్రిములూ ఒంట్లో చేరతాయి. గుల్ల బాగానే బతుకుతుంది, పచ్చిగా తిన్నవాడికే జబ్బు.