అత్త మాట లోపల వినిపిస్తుంటే

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. జీడిపప్పు పొట్టు వొలిచే పనికి వెళ్తాను. ఈ పని నేర్పిన మా అత్త పోయి ఏడాది కావస్తోంది. పప్పు విరిగి బద్దయితే చాలు, "ఒలే, కళ్లెక్కడ పెట్టినావు?" అని ఆవిడ మాట లోపల వినపడుతుంది. నేనూ లోపలే జవాబు చెబుతాను. మొన్న నిద్ర పడుతుండగా చెవి పక్కనే "ఒలే" అని గట్టిగా వినిపించి లేచి కూర్చున్నాను. మా ఆడపడుచు భూతవైద్యుడంటోంది, మా ఆయన మెంటల్ ఆసుపత్రి అంటున్నారు. నాకు పిచ్చి పట్టిందా డాక్టరమ్మా?
- ఒక సోదరి

జవాబు: లేదమ్మా. మీరు రాసినదాంట్లో పిచ్చి లక్షణమేదీ నాకు కనపడలేదు. కాకపోతే పప్పు విరిగినప్పుడు వినపడేది వేరు, నిద్ర పట్టేముందు వినపడింది వేరు.

మొదటిది మీ లోపలి మాటే. అది అందరికీ ఒకేలా ఉండదు. విజయనగరం కోట జంక్షన్ దగ్గర స్కూటర్ మీద ఆగినప్పుడు నా బుర్రలో పూర్తి వాక్యం ఒక్కటీ ఉండదు. "కరెంటు బిల్లు... పాలు... ఆ ముసలాయన మందు..." అంతే. మా ఆయన మాత్రం స్నానం చేస్తూ పై ఆఫీసరుతో రెండు వైపులా తానే వాదిస్తారు, చివరికి గెలుస్తారు కూడా! లోపల మాటలే పెద్దగా లేనివాళ్లూ ఉన్నారు.

ఇంగ్లండులోని డర్హమ్ యూనివర్సిటీకి చెందిన మెకార్తీ-జోన్స్, ఫెర్నీహో దీని మీద ఒక ప్రశ్నావళి తయారుచేసి 2011లో ప్రచురించారు. మా ఆయనలా సంభాషించుకోవడం, నాలా ముక్కలుగా అనుకోవడం, తనను తాను మెచ్చుకోవడమో తిట్టుకోవడమో చేయడం, ఇతరుల గొంతులు వినపడడం అని నాలుగు రకాలు తేలాయి. జవాబిచ్చినవాళ్లలో సుమారు నాలుగోవంతు మందికి ఆ చివరిది ఉంది. అందులో తల్లి తప్పుపడుతున్నట్టు వినపడుతుందా అనే ప్రశ్న కూడా పెట్టారు. మన వైపు తయారుచేసి ఉంటే అత్త గురించి ఇంకో ప్రశ్న తప్పేది కాదు.

పిల్లలు మొదట పైకి మాట్లాడుకుంటూ పని చేస్తారు, ఆ మాటే తర్వాత లోపలికి పోతుందని రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1934లోనే రాశారు. మీకు పని నేర్పింది అత్త. పప్పు విరిగిన చోటే ఆవిడ గొంతు పలకడంలో వింతేముంది?

ఇక ఆ గట్టి "ఒలే". మనం మాట్లాడేటప్పుడు, లోపల అనుకునేటప్పుడు కూడా, 'ఇది మనదే' అని మెదడు తన వినికిడి భాగానికి ముందే కబురు పంపుతుంది. ఆ కబురు అందకపోతే సొంత మాటే బయటినుంచి వచ్చినట్టు తోస్తుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అన్ని గొంతులకూ ఈ ఒక్క కారణమే సరిపోదనుకోండి. నిద్ర పట్టేముందు ఇలా వినపడడం ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. దిగులు, టెన్షన్, నిద్రలేమి తోడైతే ఇంకాస్త ఎక్కువ. లోపల ఇతరుల గొంతులు, తిట్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆందోళన కూడా ఎక్కువని ఆ 2011 పరిశోధనలోనే కనపడింది. అందుకే గొంతుకన్నా ముందు మీ దిగులు సంగతి చూడాలి.

వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో రాశారు. దాదాపు సగం మందికి ఇలాంటి అనుభవం ఏదో ఒకటి ఉంది: ఎక్కువమందికి పోయినవాళ్లు దగ్గరే ఉన్నట్టు అనిపించింది, కొందరికి మాటా వినిపించింది. ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మీరు చెప్పారు, నయం.

భూతవైద్యుడి ఖర్చు మానేయండి, మీ ఆడపడుచుకి నా పేరు చెప్పండి. ఆసుపత్రికి కూడా ఇప్పుడే పరుగెత్తక్కర్లేదు. కానీ మెలకువలో బయటినుంచి తరచుగా వినపడినా, 'అది చెయ్యి, ఇది చెయ్యి' అని ఆజ్ఞాపించినా, బెదిరించినా, ఎవరో మీకు కీడు తలపెట్టారని గట్టిగా అనిపించినా ఆలస్యం చేయొద్దు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. అర్ధరాత్రయినా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంతకీ రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో, నిద్ర మధ్యలో తెగుతోందో లేదో మీరు రాయలేదు. ఈసారి ఉత్తరంలో అది తప్పకుండా రాయండి.