మీరడిగారు: సున్నం తొట్టిలో ఉడుకు, యూరియా బకెట్లో చలి

ఈ నెల రసాయనశాస్త్రం మీద వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే చిక్కు. చర్యలో ఎంత వేడి వస్తుందన్నది ఒక లెక్క, ఆ చర్య ఎంత త్వరగా సాగుతుందన్నది వేరే లెక్క. రెండు పద్దులూ ఒకే పుస్తకంలో రాసేస్తే గందరగోళమే. పిడుగురాళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలో ఈ రెండూ ఉన్నాయి కాబట్టి దానితోనే మొదలుపెడదాం.

ప్రశ్న: ఇంటికి వెల్ల వేయడానికి బట్టీ నుంచి రాతి సున్నం తెచ్చాం. నీళ్లు తగలగానే కొన్ని గడ్డలు సలసలా ఉడికి విరిగిపోయాయి. కొన్ని గంట గడిచినా రాళ్లలాగే ఉన్నాయి. నీళ్లలో సున్నం వేయాలా, సున్నం మీద నీళ్లు పోయాలా అంటే మేస్త్రీలు తలో మాట చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, పిడుగురాళ్ల

జవాబు: బట్టీ సున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. 56 గ్రాముల సున్నం 18 గ్రాముల నీటిని పట్టుకుని 74 గ్రాముల తడి సున్నం అవుతుంది, సుమారు 65 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. శుద్ధమైన సున్నమైతే కిలోకు 1,150 కిలోజౌళ్లకు పైమాటే. 30 డిగ్రీల దగ్గరున్న నీళ్లు దాదాపు నాలుగు లీటర్లను మరిగించే వేడి అది. చర్యకు కావలసిన నీళ్లు మాత్రం కిలోకు 320 మిల్లీలీటర్లే. ప్రమాదం ఇక్కడే ఉంది. ఇంత తక్కువ చాలు కదా అని కిలో సున్నానికి లీటరు పోస్తే, మూడో వంతు సున్నం తాగేస్తుంది, మిగిలినదాంట్లో సగం దాకా ఆవిరిగా ఎగిరిపోతుంది. ముక్కలు చిట్లి ముఖాన పడతాయి. పైగా నీళ్లు చాలక లోపల మరీ వేడెక్కిన సున్నం గరుకుగా తయారవుతుంది. గోడకు నునుపు రాదు.

మేస్త్రీలు చెప్పింది రెండూ సగం సగం నిజం. ముందు పరీక్ష చేయండి. పిడికెడంత గడ్డలు రెండు మూడు ఇనప బకెట్లో వేసి, మునిగేంత నీళ్లు పోసి గడియారం చూడండి. అయిదు నిమిషాల లోపు విరగడం మొదలైతే అది చురుకైన సున్నం. దానికి తొట్టిలో ముందు నీళ్లు నింపి, సున్నాన్ని కొంచెం కొంచెంగా వేయాలి. గడ్డ ఎప్పుడూ నీటి పైకి తేలి కనబడకూడదు. ఆవిరి జోరుగా లేస్తే వెంటనే ఇంకొన్ని నీళ్లు పోసి పారతో కలపాలి. అయిదు నుంచి ముప్పై నిమిషాలు పడితే మధ్యరకం. సున్నం మీద సగం మునిగేంత నీళ్లు పోసి, ఆరిపోతున్నట్టు కనిపించినప్పుడల్లా ఇంకొంచెం పోస్తూ ఉండాలి. అరగంట దాటితే మందకొడి సున్నం. దాన్ని తడిచేంత మాత్రమే నీళ్లు చల్లి, చర్య అందుకున్నాకే మిగతా నీళ్లు పోయాలి. ఒక్కసారిగా ముంచేస్తే వచ్చే కాస్త వేడినీ చన్నీళ్లు లాగేసుకుంటాయి, చర్య అక్కడే చల్లారిపోతుంది. ఈ రకానికి గోరువెచ్చని నీళ్లు వాడటం మేలు.

గడ్డల్లో ఈ తేడా బట్టీలోనే వస్తుంది. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి, సన్నని రంధ్రాలతో నిండిన సున్నంగా మారుతుంది. మంట తగలని గడ్డ లోపల రాయి రాయిగానే మిగులుతుంది. పగలగొట్టి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. అది ఎన్నాళ్లు నానినా విరగదు, ఏరి పారేయడమే. మంట మరీ ఎక్కువైన గడ్డ సంగతి వేరు. అందులో రంధ్రాలు మూసుకుపోయి రేణువులు గట్టిగా అతుక్కుంటాయి. నీళ్లు లోపలికి చేరవు. వదలాల్సిన వేడి అంతే ఉంది, వేగమే పడిపోయింది. అలాంటి ముక్క గిలాబాలోకి వెళ్తే నెలల తర్వాత అక్కడ విరిగి ఉబ్బుతుంది. గోడ మీద పెచ్చు లేచి, మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తుంది. అందుకే సున్నాన్ని వడకట్టి, నీళ్ల కింద కొన్ని రోజులు నిల్వ ఉంచాకే వాడాలి.

ప్లాస్టిక్ బకెట్ వాడకండి, ఈ వేడికి మెత్తబడుతుంది. అల్యూమినియం గిన్నె అసలే వద్దు. తడి సున్నం దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో సున్నం పడితే రెప్పలు విప్పి కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో కడుగుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమవుతుంది.

ప్రశ్న: పిచికారీకి యూరియా కలుపుతుంటే బకెట్ చల్లగా అయిపోయి, బయట చెమ్మ పడుతోంది. మందు పాడైందా?
– ఒక రైతు, జమ్మికుంట

జవాబు: పాడవలేదు. యూరియా కరగడానికి గ్రాముకు దాదాపు 250 జౌళ్ల వేడి కావాలి. దాన్ని నీళ్ల నుంచే లాక్కుంటుంది. 2 శాతం ద్రావణంలో లీటరుకు 20 గ్రాములే కాబట్టి తగ్గేది ఒక్క డిగ్రీ పైన, చేతికి తెలియదు. మీరు బహుశా కిలో యూరియాను రెండు లీటర్లలో ముందు కరిగించి, తర్వాత ట్యాంకులో పోస్తున్నారు. అప్పుడు 15 నుంచి 20 డిగ్రీలు పడిపోతుంది. గాలిలోని తేమ బకెట్ మీద చెమ్మగా పట్టడం అందుకే. నష్టమల్లా వేగంలో: నీళ్లు చల్లబడే కొద్దీ చివరి గింజలు కరగక అడుగున మిగిలి నాజిల్‌కు అడ్డుపడతాయి. కిలోకు అయిదారు లీటర్లు తీసుకుని, బాగా కలిపి, గుడ్డతో వడకట్టి పోయండి. వేడిని లాక్కునే పని దానంతటదే ఎలా జరుగుతుందని అడగొచ్చు. స్ఫటికంలో బారులు తీరిన అణువులు నీళ్లలో చెల్లాచెదురవడం కూడా ప్రకృతికి ఇష్టమైన దారే. ఆ లెక్క పేరు ఎంట్రోపీ.

ప్రశ్న: తటస్థీకరణోష్ణం (ఆమ్లం, క్షారం కలిసినప్పుడు వచ్చే వేడి) ప్రయోగంలో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ., 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 50 మి.లీ. స్టీలు గ్లాసులో కలిపాను. ఉష్ణోగ్రత 5.8 డిగ్రీలు పెరిగింది. లెక్క వేస్తే మోల్‌కు 48.5 కిలోజౌళ్లు వచ్చింది. పుస్తకంలో 57.1 ఉంది. ఎక్కడ తప్పాను?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ గుణకారం సరిగ్గానే ఉంది. 100 గ్రాములు × 4.18 × 5.8 = 2,424 జౌళ్లు, దాన్ని 0.05 మోల్‌తో భాగిస్తే 48.5. తప్పంతా గ్లాసుది. స్టీలు గ్లాసు బరువు 90 గ్రాములు అనుకుందాం. గ్రాము స్టీలు ఒక డిగ్రీ వేడెక్కడానికి అర జౌలు తీసుకుంటుంది. అంటే గ్లాసు ఒక్కటే 45 × 5.8 = 261 జౌళ్లు మింగింది. అది కలిపితే 53.7 వస్తుంది. స్టీలు బదులు టీ కొట్లో ఇచ్చే థర్మోకోల్ కప్పులు రెండు ఒకదాంట్లో ఒకటి పెట్టి, అట్టముక్క మూతకు థర్మామీటర్ పట్టేంత చిల్లు చేయండి. ఈ గొడవ దాదాపు పోతుంది.

మిగతా మూడు కిలోజౌళ్ల సంగతి. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు గాలిలో తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి. మీరు తూచిన 4 గ్రాముల్లో కొంత నీళ్లే. 100 మి.లీ. చేశాక అది 0.9 మోలారే కావచ్చు. అందుకే క్షారాన్ని 1.1 మోలార్‌గా కాస్త ఎక్కువ తీసుకోవాలి. అప్పుడు లెక్క మొత్తం ఆమ్లం మీద నడుస్తుంది, దాని గాఢత మీకు తెలుసు. కలపక ముందు రెండు ద్రావణాలూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. బిళ్లలు కరగడంలోనే మోల్‌కు 44 కిలోజౌళ్లకు పైగా వస్తుంది. 4 గ్రాములు 100 మి.లీ.లో కరిగితే పది డిగ్రీలు వేడెక్కుతుంది. చల్లారకుండా వాడిన పిల్లలకు 65, 70 వస్తుంటాయి, వాళ్లు మీలా ఉత్తరం రాయరు.

పెరిగిన గరిష్ఠ ఉష్ణోగ్రతను చూసినంత మాత్రాన సరిపోదు, థర్మామీటర్ పైకి ఎక్కే లోపే కప్పు చల్లారుతూ ఉంటుంది. మూడు నిమిషాల పాటు అరనిమిషానికోసారి చదవండి. నాలుగో నిమిషంలో కలపండి. పదో నిమిషం దాకా చదువుతూనే ఉండండి. గ్రాఫులో తగ్గుతున్న గీతను వెనక్కి నాలుగో నిమిషం దాకా పొడిగిస్తే, అక్కడ దొరికేదే అసలు విలువ. థర్మామీటర్ మీద ఒక్కో డిగ్రీకే గీత ఉంటే అర డిగ్రీ పొరపాటు ఇట్టే జరుగుతుంది. రావలసిన 6.8 డిగ్రీల్లో అది 7 శాతం. పదోవంతు డిగ్రీ చూపేది అడిగి తీసుకోండి. చాలామంది చేసే ఇంకో పని, పెరుగుదల ఎక్కువ కనిపిస్తుందని 100, 100 మి.లీ. కలపడం. వేడి రెట్టింపవుతుంది, వేడెక్కాల్సిన నీళ్లూ రెట్టింపవుతాయి. మళ్లీ అదే 6.8.

ప్రశ్న: ఇనుము తుప్పు పడుతున్నప్పుడు కూడా వేడి వస్తుందట. మరి మా గేటు వేడెక్కదేం?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, అనకాపల్లి

జవాబు: వస్తుంది, తక్కువేం కాదు. కిలో ఇనుము పూర్తిగా ఆక్సైడ్‌గా మారితే 7,000 కిలోజౌళ్లకు పైనే. కానీ ఆ పని మీ గేటుకు ఏళ్లూ పూళ్లూ పడుతుంది. రోజూ వచ్చే పిసరంత వేడిని గాలి ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంది. అదే ఇనుమును పొడి చేసి, ఉప్పు, తడి, బొగ్గుపొడి కలిపి సంచిలో పెడితే గంటల్లో తుప్పు పడుతుంది. అమెరికా చలిలో ఉండే మన వాళ్లు కోటు జేబులో వేసుకునే వెచ్చటి సంచులు ఇవే. అంట్లు తోమే సన్నని ఉక్కు పీచు నిప్పురవ్వ తగిలితే ఎర్రగా కాలిపోతుంది. ఇది పెద్దవాళ్లు పక్కనుంటేనే చూడు.

ప్రశ్న: పది డిగ్రీలు పెరిగితే చర్యావేగం రెట్టింపు అని చెబుతాం. హైపో (సోడియం థయోసల్ఫేట్) ప్రయోగంలో పిల్లలకు ఒకసారి 1.6, ఒకసారి 2.5 వస్తోంది. సూత్రం తప్పా, ప్రయోగం తప్పా?
– భౌతిక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు, వనపర్తి

జవాబు: అది సూత్రం కాదు, ఉజ్జాయింపు. 1884లో వాంట్ హాఫ్, 1889లో అర్హీనియస్ ఉష్ణోగ్రతకూ వేగానికీ సంబంధాన్ని కట్టారు. 300 నుంచి 310 కెల్విన్‌కు వెళ్తే సరిగ్గా రెట్టింపు కావాలంటే ఉత్తేజన శక్తి, అంటే చర్య జరగడానికి అణువులు దాటాల్సిన అడ్డుగట్టు, మోల్‌కు దాదాపు 53.5 కిలోజౌళ్లు ఉండాలి. అది 25 అయితే పెరుగుదల 1.4 రెట్లే, 100 అయితే 3.6 రెట్లు. అణువులు ఎక్కువసార్లు ఢీకొనడం వల్ల వేగం పెరుగుతుందని చాలామంది చెబుతారు. ఆ పది డిగ్రీలకు అణువుల వేగం పెరిగేది 1.6 శాతమే! అడ్డుగట్టు దాటగల శక్తి ఉన్న అణువుల వాటా పెరగడమే అసలు కారణం.

ఇక ప్రయోగం. లీటరుకు 24.8 గ్రాముల హైపో స్ఫటికాలు వేస్తే 0.1 మోలార్. 50 మి.లీ. హైపో, 5 మి.లీ. 1 మోలార్ ఆమ్లం. శంఖాకార కుప్పె కింద కాగితం మీద ఇంటూ గుర్తు. గంధకం విడివడి ద్రావణం మసకబారి, ఆ గుర్తు మాయమయ్యేందుకు పట్టే కాలాన్నే కొలుస్తాం. తప్పులు నాలుగు చోట్ల దొర్లుతాయి. పాత గంధకం పొర కుప్పె అడుగున అంటుకుని ఉంటే తర్వాతిసారి గుర్తు త్వరగా మాయమవుతుంది, ప్రతిసారీ బ్రష్‌తో కడిగించండి. హైపోను ఒక్కదాన్నే వేడిచేసి చల్లటి ఆమ్లం పోస్తే ఉష్ణోగ్రత పడిపోతుంది. రెండింటినీ ఒకే వేడినీళ్ల తొట్టిలో ఉంచి, కలిపాక మళ్లీ చదివించండి. గాఢత మార్చే వరసలో 40, 30, 20 మి.లీ. హైపో తీసుకున్నప్పుడు నీళ్లతో 50కి నింపాలి. లోతు మారితే గుర్తు కనిపించే తీరే మారుతుంది. చూసే కళ్లు ఒకరివే కావాలి. 50 డిగ్రీలు దాటించకండి. కాలం పదిహేను సెకన్లకు దిగితే, కలపడంలో పోయే రెండు సెకన్లే పెద్ద పొరపాటవుతాయి. పైగా సల్ఫర్ డయాక్సైడ్ ఘాటుకు ఉబ్బసం ఉన్న పిల్లలు ఇబ్బంది పడతారు. అయిన వెంటనే చాకలి సోడా నీళ్ల బకెట్లో పారబోయించండి.

ప్రశ్న: ఉత్ప్రేరకం వేస్తే వేడి ఎక్కువ వస్తుందా?
– పేరు రాయలేదు, బళ్లారి

జవాబు: రాదు. ఉత్ప్రేరకం పెంచేది చర్య వేగాన్నే, వేడిని కాదు. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 100 మి.లీ. పూర్తిగా విడిపోతే దాదాపు 8.6 కిలోజౌళ్లు. సీసాలో నెలల తరబడి నెమ్మదిగా విడిపోయినా అంతే, మాంగనీస్ డయాక్సైడ్ చిటికెడు వేస్తే నిమిషాల్లో విడిపోయినా అంతే. రెండోసారి ద్రావణం ఇరవై డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి ఎక్కువ అనిపిస్తుంది. మందుల షాపు సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపండి. మాంగనీస్ డయాక్సైడ్ దొరక్కపోతే పచ్చి బంగాళదుంప తురుము చాలు, అందులోని ఎంజైమే ఉత్ప్రేరకం. ఉడికించిన దుంప మాత్రం పనికిరాదు. ఎంజైమ్ ఆ వేడికే చెడిపోతుంది. సీసా మూత బిగించి ఈ ప్రయోగం చేయకండి, వచ్చే ఆక్సిజన్ దాదాపు లీటరు ఉంటుంది.