ఊహ వేరు, రూపు కట్టడం వేరు

సందేహం: నవల చదివేటప్పుడు నా మనసులో ఏ బొమ్మా రాదు. వర్ణనలొస్తే పేజీలు తిప్పేస్తాను, సంభాషణలైతే ఒక్క ముక్క వదలను. ‘నీకు ఊహాశక్తి లేదు’ అంటోంది మా స్నేహితురాలు. ఆ మాట సరైనదేనా? ‘కళ్ళకు కట్టినట్టు’ అంటే అసలేమిటి? నా పరిస్థితికి తెలుగులో పేరుందా?

సమాధానం: సరైనది కాదు. ఊహ అంటే బొమ్మ కాదు. సంస్కృతంలో ఈ మాటకు ఆలోచించి ఒక అంచనాకు రావడమనే అర్థమే ముఖ్యం. ‘ఊహాపోహలు’లో ఊహ అంటే ఇలా అయ్యుండాలని తేల్చుకోవడం, అపోహ అంటే కానిదాన్ని తోసేయడం. (ఇప్పుడు అపోహ అపార్థంగా మారిపోయింది, అది వేరే కథ.) ‘ఊహ తెలిసినప్పటి నుంచి’ అన్నప్పుడూ బొమ్మల ఊసే లేదు. డిటెక్టివ్ నవలలో హంతకుణ్ణి సగంలోనే పట్టేశారంటే మీకు ఊహ దండిగా ఉన్నట్టే.

మీకు జరగనిది రూపు కట్టడం. ఈ ‘కట్టు’ తాడుతో కట్టేది కాదు. దెబ్బ తగిలితే బొప్పి కడుతుంది, చలికి నీళ్ళు గడ్డ కడతాయి. ఎవరూ పూనుకుని కట్టరు, దానంతటదే ఏర్పడుతుంది. ‘కళ్ళకు కట్టినట్టు’లో ఉన్నదీ ఈ కట్టే. గంతలు కట్టేదీ ఆ కళ్ళకే, కానీ అక్కడ చూపు మూసుకుపోతుంది! జరిగినదాన్నీ జరగబోయేదాన్నీ ఎదుటే ఉన్నట్టు చెప్పడాన్ని మన ఆలంకారికులు ‘భావికం’ అన్నారు.

అందరికీ అలా మనసులో కనిపించదని 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రాశాడు. పొద్దున ఫలహారం చేసిన బల్లను తలచుకుని, అదెంత స్పష్టంగా కనిపిస్తోందో చెప్పమని ఆయన అడిగితే, కొందరు శాస్త్రవేత్తలు ‘మనసులో కనిపించడమేమిటి, మాటవరసకు అనేదేగా’ అన్నట్టు మాట్లాడారు. 2015లో నాడీవైద్యుడు ఆడమ్ జెమన్, ఆయన సహచరులు ఇలా బొమ్మ రాకపోవడానికి గ్రీకు నుంచి తీసుకుని ‘అఫాంటేసియా’ అని పేరు పెట్టారు. అందులో ‘లేదు’ అని చెప్పే ఆ గ్రీకు ‘అ’ మన ‘అసాధ్యం’లోని అకారానికి చుట్టమే.

తెలుగులో ఎవరైనా ‘ఊహాంధత్వం’ అంటే మాత్రం ఒప్పుకోకండి. ఊహ ఉంది, అంధత్వం లేదు, ఇది జబ్బూ కాదు. ‘నాకు రూపు కట్టదు’ అంటే సరిపోతుంది, వినేవాళ్ళకూ వెంటనే తెలుస్తుంది.

ఇక వర్ణనల సంగతి. బొమ్మ రానివాళ్ళు వాటిని దాటేయడం సహజమే అయినా, మాటల నడక కోసమే ఇష్టంగా చదివేవాళ్ళూ ఉంటారు. నాకు చక్కగా రూపు కడుతుంది, అయినా సూర్యోదయం పేజీన్నర నడిస్తే నేనూ తిప్పేస్తాను.