పాలు పడని పిల్లడికి ఏం పెట్టాలి

పర్లాకిమిడి

కోడలు పిల్లకి పెద్దత్తయ్య రాయునది.

బాబుకి పాల అలర్జీయేనని బరంపురం డాక్టరుగారు తేల్చేశారని నిన్న చెప్పావు. ఫోనులో చెప్పుకున్నవి సగం మరిచిపోతాం, అందుకే రాస్తున్నాను. ఈ కాయితం వంటింట్లో అందరికీ కనబడేలా అంటించు.

వాడికి పడనివి పాలలోని మాంసకృత్తులు, అంటే కేసీన్, వే అనేవి. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బే లాక్టోజ్ జబ్బు వేరు. లాక్టోజ్ తీసేసిన పాలలోనూ కేసీన్ ఉంటుంది కాబట్టి అవి వాడికి పనికిరావు. మేకపాలు పట్టమని ఒకరు, గేదెపాలు చూడమని ఒకరు, ఏ2 అనే రకం ఆవుపాలని ఇంకొకరు చెబుతారు. ఎవరి మాటా వినకు. ఆవు, గేదె, మేక పాల మాంసకృత్తులు దాదాపు ఒకేలా ఉంటాయి, ఒకటి పడనివాళ్లలో ఎక్కువమందికి మిగతావీ పడవు. నెయ్యిలో కూడా కాస్త మిగిలి ఉంటుంది. డాక్టరు సరేననేదాకా నెయ్యీ వద్దు.

నీ పాలు తాగుతున్నాడు కదా, మానిపించకు. నువ్వు పెరుగు తిన్నప్పుడు వాడికి దద్దుర్లొచ్చినా, విరేచనంలో రక్తపు జీర కనబడినా డాక్టరుని అడిగి నువ్వూ మానెయ్. అప్పుడు నీకు కాల్షియం మాత్ర కావాలి. వాడికి ఏడాది దాటింది కాబట్టి కింద రాసినవన్నీ కుదురుతాయి. ఏడాది లోపు పిల్లలకైతే తల్లిపాలు, అవి చాలకపోతే డాక్టరు రాసిన ప్రత్యేక ఫార్ములా (డబ్బాపాల పొడి), అంతే. సోయాపాలూ కొబ్బరిపాలూ ఆ వయసులో పాలకి బదులు కావు.

పాలకి బదులు ఇంకో తెల్లటి ద్రవం వెతకడంతోనే అందరూ ఆగిపోతారు. పాలు మానేస్తే వాడికి తగ్గేవి మాంసకృత్తులు, కాల్షియం, కొవ్వు, విటమిన్ బి12. వీటిని ఒక్కొక్కటిగా పూడ్చాలి. ప్యాకెట్ బాదంపాలలో మాంసకృత్తులు నామమాత్రం. కొబ్బరిపాలలో కొవ్వే తప్ప మరేం పెద్దగా లేదు. వాటిని కూరలో వాడుకో, గ్లాసుతో పట్టకు. పాలకి దగ్గరగా వచ్చేవి సోయాపాలే. అయితే కొంతమంది పిల్లలకి సోయా కూడా పడదు, ముందు డాక్టరుని అడుగు. సరేనంటే పొద్దున్నపూట ఒక్క చెంచాతో మొదలుపెట్టు, మూడు రోజులు ఇంకే కొత్త తిండీ పెట్టకు.

ప్యాకెట్ కొంటే చక్కెర కలపనిది, కాల్షియం కలిపినది చూసుకో. 100 మి.లీ.కి మాంసకృత్తులు 3 గ్రాములు, కాల్షియం 120 మి.గ్రా. దరిదాపుల్లో ఉండాలి. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది, పోసే ముందు ప్రతిసారీ బాగా గిలకరించు.

ఇంట్లో చేసుకుంటే 100 గ్రాముల సోయా గింజలు రాత్రంతా నానబెట్టు. ఎండాకాలం మధ్యలో నీళ్లు మార్చు, లేకపోతే పులిసిపోతాయి. పొద్దున్న చేత్తో నలిపి పొట్టు తేల్చి ఒంపెయ్. గింజల్ని మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి ఆ నీళ్లు పారబొయ్యి. తర్వాత మొత్తం 800 మి.లీ. వేడినీళ్లతో కొద్దికొద్దిగా రుబ్బు. చన్నీళ్లతో రుబ్బితే వచ్చే పచ్చి వాసనకి పిల్లడు గుటక వెయ్యడు. గుడ్డలో వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ సన్నసెగన మరగనీ. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నురగ పొంగగానే కాగాయనుకుని దించేస్తారు, కానీ కింద పాలు ఇంకా మరగవు. పచ్చి సోయాలో అరుగుదలని అడ్డుకునే పదార్థం ఉంటుంది, అది పోవాలంటే మరగడం మొదలయ్యాక 15, 20 నిమిషాలు పడుతుంది. ఫ్రిజ్‌లో రెండు రోజులకి మించి ఉంచకు.

ఇంటి సోయాపాలలో కాల్షియం తక్కువ. దానికి మన చోళ్లున్నాయి, అవే రాగులు. 100 గ్రాముల్లో దాదాపు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించు. జావ నున్నగా రావాలని గుడ్డలో వడకట్టకు. కాల్షియం ఎక్కువగా పై పొట్టులోనే ఉంటుంది, వడకడితే పిప్పితో పోతుంది. వాడి వయసుకి రోజుకి 500 మి.గ్రా. కావాలి. కాల్షియం కలిపిన సోయాపాలు 300 మి.లీ., చోళ్ల పిండి 30 గ్రాములు, పప్పులో గుప్పెడు మునగాకు పడితే దగ్గరికి వచ్చేస్తుంది. జావలో చెంచాడు నూనె వెయ్యి, బలం తగ్గకుండా ఉంటుంది. గుడ్డు పడితే పెట్టు. చేపా గుడ్డూ ముట్టని ఇల్లైతే బి12 చుక్కలు అడగాలి.

పెరుగు కావాలంటే సోయాపాలు గోరువెచ్చగా చేసి నాలుగు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టు. మామూలు పెరుగుతో తోడేస్తే చేసినదంతా వృథా, ఆ చెంచాడు పెరుగులోనే పాల మాంసకృత్తులు ఉంటాయి.

పాలవిరుగుతో చేసే ఛెనాపోడ, రసగుల్లా పెట్టకూడదని అందరికీ తెలుసు. భయమంతా తెలియనివాటితోనే. కూరముక్కలు వేసి వండే పప్పు, అదే డాల్మాకి నేతి పోపు పెడతారు. పఖాళలో, అంటే చద్దన్నంలో పెరుగు కలుపుతారు. బిస్కెట్లలో, బ్రెడ్డులో పాలపొడి ఉంటుంది, నాన్ డెయిరీ అని రాసి, పాలకి బదులు టీలో కలుపుకునే పొడుల్లో పాల కేసీనే అయిన సోడియం కేసినేట్ ఉంటుంది. ప్యాకెట్ మీద ‘కంటైన్స్’ అన్న వరసలో మిల్క్ ఉందేమో ప్రతిసారీ చదువు. అమ్మమ్మ సున్నిపిండిలో మీగడ కలిపి నలుగు పెడుతుంది, అదీ మానిపించు. వాడి గిన్నె, గరిటె, వడపోత గుడ్డ వేరే ఉంచు. అంగన్‌వాడీ దీదీకి ఒడియాలోనే రాసివ్వు: ఖీర (పాలు), దహి (పెరుగు), ఛెనా (విరుగు), ఘిఅ (నెయ్యి) ఏదీ వద్దని.

పొరపాటున తిని ఒంటి మీద దద్దుర్లు మాత్రమే వస్తే డాక్టరు రాసిన మందు వేసి కనిపెట్టుకుని ఉండు. పెదాలు, నాలుక వాచినా, ఆయాసం వచ్చినా, పదేపదే వాంతులైనా, పిల్లడు వేలాడిపోయినా ఆలస్యం చెయ్యకు. డాక్టరు అడ్రినలిన్ సూది ఇచ్చి ఉంటే వెంటనే వెయ్యి. సూది ఉన్నా లేకపోయినా 108కి ఫోను చెయ్యి. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచు. ఆయాసం ఉంటే కూర్చోబెట్టు.

నెలనెలా బరువు చూపించి కార్డులో రాయించు. ఈ అలర్జీ చాలామంది పిల్లలకి పెరిగేకొద్దీ పోతుంది. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ పరీక్ష చేయించు. ‘పోయిందేమో చూద్దాం’ అని ఇంట్లో ఎవరూ చెంచాడు పాలు పట్టి చూడకూడదు, అది డాక్టరు ఎదుటే జరగాలి.

మీ పెద్దత్తయ్య