మధ్యలో కొండ, సముద్రం లాంటి అడ్డు లేకుండా ఒక జాతి రెండు జాతులవుతుందా?

అవుతుంది. జాతులు వేరని చెప్పడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా చూసేది రూపాన్ని కాదు, రెండూ కలిస్తే ఆ వంశం ముందుకు సాగుతుందా లేదా అన్నది. గుర్రం, గాడిద కలిస్తే కంచర గాడిద పుడుతుంది, కానీ దానికి దాదాపు ఎప్పుడూ పిల్లలు పుట్టవు.

అడ్డు లేని విభజనకు నాకు బాగా నచ్చే ఉదాహరణ ఉత్తర అమెరికాలోని యాపిల్ ఈగ. మొదట్లో ఇది హాథార్న్ అనే ముళ్ల చెట్టు పళ్ల మీదే బతికేది. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్లు అక్కడ యాపిల్ తోటలు వేశారు. కొన్ని ఈగలు యాపిల్‌కి మారాయి. బెంజమిన్ వాల్ష్ అనే కీటక శాస్త్రవేత్త 1860ల్లోనే ఈ మార్పును గుర్తించాడు.

అసలు కిటుకు ఇక్కడుంది. ఈ ఈగలు తమ పండు మీదే జతకడతాయి, అందులోనే గుడ్లు పెడతాయి. యాపిల్ పళ్లేమో హాథార్న్ కన్నా మూడు నాలుగు వారాలు ముందే పక్వానికి వస్తాయి. రెక్కలొచ్చాక ఈగ బతికేది సుమారు నెల రోజులు. అందుకే చెట్లు పక్కపక్కనే ఉన్నా రెండు గుంపులు కలుసుకునే అవకాశం చాలా తక్కువ. పైగా ఒక్కో గుంపు తన పండు వాసన వైపే వెళ్తుంది. రెండింటికీ పుట్టిన సంకర ఈగలు ఏ వాసననీ సరిగ్గా పట్టుకోలేవు, పాపం.

ఇవి ఇంకా పూర్తిగా వేరు జాతులు కాలేదు. తరానికి 4 నుంచి 6 శాతం కలయిక జరుగుతూనే ఉంది.