సీజన్ టికెట్ కొన్నవాళ్ల నమ్మకాన్ని ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్) జట్లు ఎలా నిలుపుకుంటాయి?

మాట మీద నిలబడటం వల్ల: వచ్చే సీజన్ ధర ముందే చెప్పడం, పాత సీటు వాళ్లకే ఉంచడం, ప్లేఆఫ్ టికెట్లు ముందుగా వాళ్లకివ్వడం. జట్టు ఎలా ఆడుతుందో తెలియకముందే నలభైకి పైగా హోమ్ మ్యాచ్‌లకి డబ్బు కట్టేస్తారు కదా, అందుకే ఓటమిని క్షమిస్తారు గానీ దాపరికాన్ని క్షమించరు.

చికాగో బ్లాక్‌హాక్స్ ఓనర్ బిల్ విర్ట్జ్, టికెట్ కొన్నవాళ్లకి అన్యాయం జరుగుతుందని హోమ్ మ్యాచ్‌లని లోకల్ టీవీలో రానివ్వలేదు. సీట్లు నిండలేదు సరికదా, ఖాళీ అయ్యాయి. 2007లో ఆయన పోయాక కొడుకు రాకీ ప్రసారాలు మొదలుపెట్టి, దూరమైన అభిమానుల్ని మళ్లీ దగ్గర చేసుకున్నాడు.

గెలిస్తే చాలు, నమ్మకం దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ చికాగోలో స్టేడియం నిండటం మొదలైంది 2010లో లీగ్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ గెలవకముందే.