వీడియో పాఠం నడుస్తుంటే పక్కన స్లైడ్లు వాటంతటవే మారాలంటే ఏం వాడాలి?

స్లైడ్లను వీడియోలోనే కలిపేస్తే పని తేలికే, కానీ ఫోన్‌లో అక్షరాలు కనిపించి చావవు. విడి బొమ్మలుగా పెట్టి టైముకు ముడివేయడమే మేలు. 1998లో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ఇచ్చిన స్మిల్ భాష ఇలాంటి పనులకే పుట్టింది. ఇప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్5 వీడియోకి మెటాడేటా ట్రాకుగా (తెర మీద కనిపించకుండా స్క్రిప్టుకే అందే సమాచారంగా) ఒక వెబ్‌వీటీటీ ఫైలు (ఏ టైముకు ఏం రావాలో రాసే టెక్స్ట్ ఫైలు) తగిలిస్తే చాలు. అందులో ఒక్కో స్లైడుకు ఇలా రాస్తారు:

04:10.000 --> 06:35.000
స్లైడ్-7

వీడియో ఆ టైముకు చేరగానే బ్రౌజర్ క్యూచేంజ్ ఈవెంట్ (స్లైడ్ మార్చే టైమైందన్న కబురు) ఇస్తుంది. నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్‌తో బొమ్మ మార్చేయొచ్చు. వెనక్కి జరిపినా సరైన స్లైడే వస్తుంది. ట్రాక్ మోడ్ హిడెన్‌లో ఉండాలి, డిసేబుల్డ్‌లో ఉంటే ఈవెంటే రాదు (దీని మీద నాకు ఒక పూటంతా పోయింది). సెట్‌టైమౌట్‌తో (ఇంతసేపయ్యాక ఈ పని చెయ్యమనే జావాస్క్రిప్ట్ టైమరు) మాత్రం చేయకండి: బఫరింగ్‌కి వీడియో ఆగినా స్లైడ్లు ఆగవు.

కోడ్ గొడవ వద్దనుకుంటే బిగ్‌బ్లూబటన్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. క్లాసు రికార్డవుతుండగా స్లైడ్ ఎప్పుడు మారిందో అదే గుర్తుపెట్టుకుని ప్లేబ్యాక్‌లో చూపిస్తుంది. పానోప్టో కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే డబ్బు కట్టాలి.

లైవ్ సంగతి వేరు. వీడియో కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది కనుక, స్లైడ్ మార్పు కబురును హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోను చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) స్ట్రీమ్‌లోనే ఐడీ3 ట్యాగుగా (వీడియో టైముకు ముడిపడి వెళ్లే చిన్న సమాచారంగా) పంపాలి.